కూత ఆగేలోగా స్కోరు

కొడకండ్ల అవతలి తండాలో సంగీతను ఇప్పటికీ కొందరు కబడ్డీ సంగీత అనే పిలుస్తారు. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో ఆమె కూతకు పోయిందంటే అవతలి జట్టులో ఒకరో ఇద్దరో బయటికి రావలసిందే. సన్నటి మనిషి, పొడుగు చేతులు. గీత దాటేటప్పుడు నవ్వుతూ దాటేది. ఆ నవ్వు చూస్తే ఎదుటి జట్టుకు ఒళ్లు మండేది. రెండో ఏడాది హనుమకొండలో ఆడుతుండగా నలుగురు ఒక్కసారిగా మీద పడ్డారు, కుడి మోకాలు మెలిపడింది. దవాఖానలో ఆపరేషన్ చేసి, నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, ఆట సంగతి మాత్రం మరిచిపొమ్మన్నారు.

మరిచిపోవడం ఆమె వల్ల కాలేదు. అయితే మంచానికి అతుక్కున్న ఆ నెలల్లో ఫోన్ చూసీ చూసీ ఇంకో పిచ్చి పట్టుకుంది. ఒక వెబ్‌సైట్ తెరిస్తే హాయిగా ఉంటుంది, ఇంకొకటి తెరిస్తే తల తిరుగుతుంది, ఎందుకని? రైలు టికెట్టు తీయాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా తండాలో పదో తరగతి పాసైనవాళ్లు కూడా ఇంకొకరి కాళ్లు పట్టుకోవాల్సి వస్తోంది, ఎందుకని? తెర మీద ఏది ఎక్కడ ఉండాలి, మనిషి కన్ను ముందు ఎటు పోతుంది, వేలు ఎక్కడ తడబడుతుంది అని ఆలోచించడమే ఒక ఉద్యోగమని, దానికి యూఎక్స్ డిజైన్ అని పేరుందని ఆమెకు అప్పుడే తెలిసింది. తల్లి తుల్సీబాయికి చెబితే, ఫోన్లో బొమ్మలు గీస్తే జీతం ఎవరిస్తారే అని నవ్వింది. నవ్వుతూనే హనుమకొండకు కోర్సుకు పంపింది.

అట్లా నేర్చుకున్న సంగీత ఇప్పుడు జనగామ స్టేషన్ రోడ్డులో, మందుల దుకాణం మీది అంతస్తులో, వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసులో పని చేస్తోంది. ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు స్కూళ్లు, విత్తనాల దుకాణాలు, ఇవీ వచ్చే పనులు. తెరలు ఎట్లా ఉండాలో ఆమె గీస్తుంది. వాటిని నిజంగా నడిచేట్టు చేసేది సాకేత్. జఫర్‌గఢ్ నుంచి రోజూ బండి మీద వస్తాడు, మాట తక్కువ, పని ఎక్కువ.

మొన్నటి చలికాలం, పత్తి ఏరడాలు అయిపోవస్తున్న రోజుల్లో, ఆఫీసుకు మొగుళ్లపల్లి నుంచి ఒక ఫోన్ వచ్చింది. చేసినాయన పేరు జైపాల్. మాజీ సర్పంచి, భూములున్నవాడు, పరకాలలో ఎరువుల వ్యాపారం. తమ ఊళ్లో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెడుతున్నాం, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జట్లు వస్తున్నాయి, నాలుగోది మా మొగుళ్లపల్లి జట్టే, బతుకుదెరువుకు హైదరాబాద్, బొంబాయి పోయినవాళ్లు కూడా ఎక్కడివాళ్లు అక్కడే కూర్చొని స్కోరు చూసుకునే సైట్ కావాలె అన్నాడు. ఆ మాట చెవిన పడగానే సంగీత కుర్చీలోంచి లేచి నిలబడింది. ఈ పని నాకే ఇయ్యాలె అని ఓనరు దగ్గరికి పోయి అడిగింది. కబడ్డీ గురించి ఆ ఆఫీసులో ఆమెకు తెలిసినంత ఎవరికి తెలుసు?

రెండు వారాలు తిండి మీద ధ్యాస లేకుండా గీసింది. ముదురు నీలం మీద సన్నటి బూడిదరంగు అక్షరాలు, ఆటగత్తెల ఫొటోలు, గెలిచిన జట్టు మీద రాలే పూలు. అన్నిటికన్నా పైన జైపాల్ రెండు చేతులు జోడించి నవ్వుతున్న పెద్ద ఫొటో, దాని కింద అతిథుల వరస. అది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. ఇక మైదానంలో కూర్చొని స్కోరు ఎక్కించేవాళ్ల పేజీ వేరే. జట్టు ఎంచుకోవాలి, ఆటగత్తె పేరు ఎంచుకోవాలి, ఎట్లాంటి పాయింటో చెప్పాలి, ఎన్ని పాయింట్లో కొట్టాలి, పంపు అని నొక్కాలి. అప్పుడు నిజంగా పంపమంటారా అని సైట్ ఇంకోసారి అడుగుతుంది. ఒక్క తప్పు కూడా దొర్లొద్దని సంగీత తాళం మీద తాళం వేసింది. ఏసీ గదిలో పెద్ద తెర మీద దాన్ని చూసి ఓనరు చప్పట్లు కొట్టాడు.

సెమీఫైనల్స్ రోజు మొగుళ్లపల్లి స్కూలు మైదానం నిండా జనమే. గోడల మీద జనం, ట్రాక్టర్ల మీద జనం. సంగీత, సాకేత్ పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. స్కోరు ఎక్కించే బాధ్యత వీరేందర్ సారుది. ఆయన కొడకండ్ల హైస్కూల్లో పీఈటీ, సంగీతకు కబడ్డీ నేర్పింది ఆయనే. శిష్యురాలు చేసిన సైట్ అని సారు ముందురోజు నుంచే అందరికీ చెప్పుకుంటున్నాడు.

మొదటి ఆట జనగామకూ మహబూబాబాద్‌కూ. విజిల్ పడింది. అవతలి కోర్టులో అడుగు పెట్టిన అమ్మాయి కూత అర నిమిషంలో అయిపోతుంది. ఆ అర నిమిషంలో సారు జట్టు ఎంచుకొని, పేరు వెతికి, పాయింటు కొట్టి పంపేసరికి అటు ఇంకో కూత మొదలై అయిపోతోంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా తెర మీద పడుతోంది. ఆ బూడిదరంగు అక్షరాలు ఎండలో కలిసిపోయి, తెర మీద సారుకు కనబడుతున్నది తన ముఖం నీడ ఒక్కటే. చెమట వేలు ఒక పేరుకు బదులు ఇంకో పేరు మీద పడుతోంది. ఆట అందుకోలేక, పక్కవాళ్లను అడిగి అడిగి నాలుగైదు పాయింట్లు ఒకేసారి ఎక్కించుకుంటూ వచ్చాడు. చివర్లో మహబూబాబాద్ పిల్లలు జనగామను ఆలౌట్ చేశారు. దానికి వచ్చే అదనపు పాయింట్లు ఆ గాభరాలో జనగామ ఖాతాలో పడ్డాయి. తీసేద్దామంటే తీసే దారి లేదు. అంత కట్టుదిట్టంగా చేసిన పేజీలో, పడ్డదాన్ని వెనక్కి తీసుకునే మీట పెట్టాలన్న ఆలోచనే సంగీతకు రాలేదు.

మైదానంలో మహబూబాబాద్ పిల్లలను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఫోన్లలో మాత్రం జనగామ గెలిచింది, పైగా పూలు రాలుతున్నాయి.

ముందుగా ఫోన్ చేసింది తుల్సీబాయి. మనోళ్లు గెలిచిండ్రని తండాలో ఇంటింటికీ చక్కెర పంచిందట. గొంతులో సంతోషం పొంగుతోంది.  యాడీ, మనం ఓడిపోయినం, సైట్ తప్పు చూపించింది అని సంగీత తమ లంబాడీ భాషలో మెల్లగా చెప్పింది.  పంచిన చక్కెర వాపస్ అడగలేను గదా అని తల్లి ఫోన్ పెట్టేసింది.

ఆ వెనుకే వచ్చింది రజిత. మహబూబాబాద్ జట్టు కెప్టెన్, ఆమె కూడా తండా పిల్లే. మోచేతి మీద చెక్కుకుపోయి రక్తం, ఒళ్లంతా దుమ్ము. గెలిచిన మనిషి ముఖంలా లేదు.

"అక్కా, సైట్ నువ్వే చేసినవంట గదా," అంది. "ఫైనల్ చూద్దమని మా తండోళ్లు డీసీఎం బండి మాట్లాడుకున్నరు. మేం ఓడిపోయినమని ఫోన్ల చూసి ఇప్పుడే వద్దని చెప్పిండ్రట. గెలిచినం బాపూ అని నేనే ఫోన్ చేసి చెప్తే, ఫోన్ల గట్ల లేదు గదా బిడ్డా అంటున్నడు."

సంగీతకు ఆ మాట మోకాలి దెబ్బకన్నా గట్టిగా తగిలింది. కన్నబిడ్డ నోటి మాటకన్నా తాను గీసిన తెరను నమ్మాడు ఆ తండ్రి. అంత నమ్మే మనిషికి అబద్ధం చూపించింది. సాకేత్ లాప్‌టాప్ తెరిచి వెనుక నుంచి స్కోరు సరిచేశాడు. సరిచేస్తూ, తప్పు సైట్‌ది కాదు, సారుకు ఫోన్ వాడుడు సరిగ రాదు, అంతే అన్నాడు. అవునని తల ఊపబోయి సంగీత ఆగిపోయింది. ఆటంతా ఆమె సారు పక్కనే ఉంది. ఆయన తల ఒక్కసారి కూడా పైకి లేవలేదు.

"సారు ఆట చూడనే లేదు, సాకేత్," అంది. "మనం చూడనియ్యలే. స్కోరు ఎక్కించేటాయన ఆట చూడకపోతే ఇంకేం ఎక్కిస్తడు?"

సాకేత్ లాప్‌టాప్ మూసి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో వాదన లేదు. మరి ఏం చేద్దామన్నది ఉంది.

ఆ సాయంత్రం అకాల వాన దంచికొట్టింది. మైదానం చిత్తడైంది. రేపు ఊక చల్లి ఆరబెట్టుకొని ఎల్లుండి ఫైనల్ ఆడిస్తామని మైకులో చెప్పారు. అందరూ ఉసూరుమంటే సంగీత ఒక్కతే ఎగిరి గంతేసినంత పని చేసింది. చేతికి ఒక రోజు దొరికింది.

తెల్లవారగానే స్కూల్లో ఒక తరగతి గది తెరిపించుకున్నారు. మిగిలిపోయిన పోటీల కరపత్రాలను సంగీత ఫోన్ అంత సైజులో కత్తిరించింది. ఖాళీగా ఉన్న వెనుకవైపు స్కెచ్ పెన్నుతో మీటలు గీసింది. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద తేల్చుకోవాలని కోర్సులో చెప్పిన మాట ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. వీరేందర్ సారును బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదురుగా లాప్‌టాప్‌లో నిన్నటి ఆట వీడియో పెట్టి, చేతిలో ఆ కాగితం ఫోన్ పెట్టింది. స్కోరు పడ్డప్పుడల్లా దీని మీదే నొక్కండి సార్, నేను మాత్రం ఏమీ చెప్పను అంది.

ఏమీ చెప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సారు తప్పు చోట వేలు పెట్టబోతుంటే, అక్కడ కాదు సార్ అనే మాట నాలుక చివరిదాకా వస్తోంది. పళ్లు బిగబట్టింది. మొదటి కాగితంలో పైన పేర్లు, కింద అంకెలు. సారు కళ్లు మళ్లీ కాగితం మీదే అతుక్కున్నాయి. చింపేసింది. రెండోదానికి నడిమధ్య అడ్డంగా గీత గీసి పైసగం ఒక జట్టుకు, కిందసగం ఒక జట్టుకు ఇచ్చింది. సారు పైసగానికి బొటనవేలు అందక ఫోన్ పట్టుకున్న చెయ్యి మార్చాడు. అదీ చింపింది. మూడోసారి గీత నిలువుగా పడింది. ఎడమ సగం ఒక జట్టు, కుడి సగం ఒక జట్టు, కోర్టు ఎట్లా ఉందో అట్లాగే. పేర్లు లేవు, రకాలు లేవు. ఒకసారి తాకితే ఒక పాయింటు.

వీడియోలో కూత సాగుతోంది. సారు తల ఎత్తి ఆట చూస్తున్నాడు. ఎడమ బొటనవేలు టక్కున కాగితాన్ని తాకింది. తల మాత్రం దించలేదు. సంగీత సాకేత్ మోచేతిని గట్టిగా గిల్లింది.

ఇంకాసేపటికి సారు ఒకచోట పొరపాటున కుడివైపు తాకి, అరెరె అనుకున్నాడు. ఆయన వేలు దానంతట అదే కాగితం కింది అంచుకు పోయి ఏదో వెతుక్కుంది. అక్కడేమీ లేదు. సంగీత లేచి, ఆ వేలు వెతికిన చోటే ఎర్ర స్కెచ్‌తో వెనక్కి అని పెద్దగా రాసింది.

నిజంగా పంపమంటారా అని అడగడం తీసేద్దామంటే మాత్రం సాకేత్ ఒప్పుకోలేదు. అడగకపోతే తప్పులు పెరుగుతాయన్నాడు.

"అడిగి అడిగి ఆయన్ను పరేషాన్ చేసినం," అంది సంగీత. "తప్పు చేస్తవా చేస్తవా అని మనిషిని అడుగుడు కాదు. తప్పయితే ఒక్క వేలుతోని వాపస్ తీసుకోనియ్యాలె."

సాకేత్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆమె గీస్తుంటే అతను కట్టాడు. సారు మధ్యమధ్య కూర్చున్నచోటే కూత కూస్తూ కట్టినదాన్ని కట్టినట్టే నొక్కి చూశాడు. బయట మైదానంలో ఊక చల్లుతున్నవాళ్లకు ఈ గదిలో ఏదో పోటీ జరుగుతున్నట్టు వినబడి ఉంటుంది.

చూసేవాళ్ల పేజీ ఇంకా మిగిలే ఉంది. దానికి సంగీత తల్లికే ఫోన్ చేసింది. చక్కెర కోపం ఇంకా తగ్గలేదు. అయినా సాకేత్ పంపిన కొత్త పేజీని పక్కింటి కోడలి ఫోన్లో తెరిపించుకొని చూసింది. ఎవరు ముందున్నారో చెప్పు యాడీ అని అడిగి, సంగీత నోరు మూసుకుంది. తుల్సీబాయికి అక్షరాలు రావు, అంకెలు మాత్రం బస్సు నంబర్లు చూసి చూసి పట్టుబడ్డాయి. తెర మీద వేలు అటూ ఇటూ తిప్పుతోందని పక్కనుంచి కోడలు చెప్పింది.

"మన పిల్లలు ఎర్ర బనీన్లు ఏసుకున్నరు గదా," అంది చివరికి. "ఎర్రది ఏడుందే?"

ఎర్రది ఎక్కడా లేదు. సైట్ అంతా సంగీతకు నచ్చిన నీలం. ఆమె నెత్తి మీద కొట్టుకుంది, కొట్టుకుంటూనే నవ్వింది. గంట తిరక్కుండా స్కోరు పేజీలో నీలం పోయింది. ఏ జట్టు బనీను ఏ రంగో ఆ సగం ఆ రంగు, మధ్యలో తెల్లటి చోట నల్లటి పెద్ద అంకెలు. ఫోన్ ఎండలోకి పట్టుకుపోయి, చెయ్యి చాపినంత దూరంలో పెట్టి చూసింది. కనబడుతోంది. పరుగెత్తుకొచ్చి సాకేత్‌నూ తీసుకుపోయి చూపించింది.

ఇక మిగిలింది జైపాల్ ఫొటో. ఫోన్లో సైట్ తెరవగానే తెర నిండా ఆయనే. స్కోరు చూడాలంటే ఆయన్నూ అతిథులనూ దాటి చాలా కిందికి పోవాలి. తీసేద్దామని నేరుగా అంటే ఏమవుతుందో సంగీతకు తెలుసు. సాయంత్రం మైదానం ఎంత ఆరిందో చూడటానికి ఆయన వచ్చినప్పుడు, పాత పేజీ తెరిచిన ఫోన్ చేతికిచ్చింది. జైపాలన్నా, నిన్న రెండో సెమీస్‌ల మన మొగుళ్లపల్లి ఎన్ని పాయింట్లతోని గెలిచిందో జర దీంట్ల చూసి చెప్తరా అని మాత్రం అడిగింది.

జైపాల్ తన ఫొటో చూసి ముందు మురిసిపోయాడు. తర్వాత వేలితో పైకి జరిపాడు. అతిథులు వచ్చారు. మళ్లీ జరిపాడు. ఇంకా అతిథులే. వేలు వేగం పెరిగింది, ముఖంలో నవ్వు తగ్గింది. గట్టిగా జరిపితే స్కోరు దాటిపోయి అడుగుకు చేరాడు. వెనక్కి లాగితే మళ్లీ తన ఫొటోనే వచ్చింది.

"గీయన ఎవడు, మాటిమాటికి అడ్డం వస్తున్నడు," అన్నాడు చిరాకుగా. అన్నాక, ఏమన్నాడో ఆయనకే తట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక ముఖాలు తిప్పుకుంటుంటే ముందుగా పగలబడి నవ్వింది జైపాలే. ఫొటో అడుగున పెట్టు బిడ్డా, ఆట అయిపోయినంక చూసుకుంటరు అన్నాడు.

ఫైనల్ మహబూబాబాద్‌కూ మొగుళ్లపల్లికీ. రజిత ముందురోజే తండ్రి చాంద్యాకు మళ్లీ ఫోన్ చేసి సైట్ చూడమంది. సరైన ఫలితం కనబడేసరికి తండావాళ్లు మళ్లీ డీసీఎం కోసం పరుగులు పెట్టారు. ముందు మాట్లాడుకున్న బండి వేరే కిరాయికి పోయింది. ఇంకోటి దొరికి బయలుదేరేసరికి ఎండెక్కింది. నర్సంపేట మీదుగా, పరకాల మీదుగా రావాలి. ఆట మొదలయ్యేసరికి వాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు.

సంగీత వీరేందర్ సారు వెనుక నిలబడింది. విజిల్ పడింది. ఆడే రోజుల్లో కూడా ఇంత గుబులు పడలేదు. మొదటి కూతకు మొగుళ్లపల్లి అమ్మాయి వచ్చింది. అంపైర్ వేలెత్తాడు, సారు బొటనవేలు తాకింది. ట్రాక్టర్ మీద కూర్చున్నవాళ్ల ఫోన్లలో అంకె మారడం సంగీతకు ఇక్కడినుంచే కనబడింది. మైకు ఇంకా చెప్పనే లేదు. ఆమె పిడికిళ్లు బిగుసుకున్నాయి.

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. మొదటి సగంలో మొగుళ్లపల్లి ముందుకు పోయింది, ఊరు ఊరంతా లేచి నిలబడింది. రెండో సగంలో రజిత వరసగా కూతకు పోయి ఒక్కొక్కరినీ తాకి వస్తూ అంతరం తగ్గించింది. ఒకసారి దుమ్ములో ఎవరు ఎవరిని పట్టారో తెలియక సారు తప్పు వైపు తాకాడు.  సారు తల దించకుండానే కింద ఎర్రమీట తాకి, రెండోవైపు తాకాడు. అంతే. ఏమైనా అయిందన్న సంగతి ఆయన పక్కనున్నవాళ్లకు కూడా తెలియలేదు. సాకేత్ మాత్రం సంగీత వైపు తిరిగి, ఆ మీట సంగతిలో నువ్వే కరెక్టు అన్నట్టు బొటనవేలు పైకెత్తాడు.

ఆట చివరికి వచ్చింది. రెండు జట్లూ సమానం. గంట పడబోతోంది, మిగిలింది ఒక్క కూత, అదీ మహబూబాబాద్‌ది. సరిగ్గా అప్పుడే స్కూలు గేటు దగ్గర హారన్ మోగుతూ డీసీఎం ఆగింది. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు దబదబా దూకుతున్నారు. దూకుతూనే అరుస్తున్నారు, సమానం ఉన్నది, ఒక్కటి తెస్తే చాలు రజితా అని.

సంగీత ఆ అరుపు విని స్థాణువైపోయింది. అంత దూరం నుంచి ఇప్పుడే వచ్చి దిగినవాళ్లు. స్కోరెంత అని ఒక్కరూ అడగలేదు. వాళ్లకు తెలుసు. దారి పొడుగునా, కుదుపుల్లో, డీసీఎం వెనుక నిలబడి, వాళ్లు ఈ ఆటలోనే ఉన్నారు.

రజిత గీత దాటింది. మూలనున్న అమ్మాయి వైపు పోయినట్టే పోయి వెనక్కి తిరిగింది. ఆ తిరుగుడులో ఇద్దరు ఆమె కాలు దొరకబుచ్చుకున్నారు. కింద పడింది. కూత ఆగలేదు. బోర్లాపడి, పట్టుకున్న ఇద్దరినీ లాక్కుంటూ, చెయ్యి చాపింది. మధ్యగీత జానెడు దూరం. సంగీత తనకు తెలియకుండానే తన చెయ్యి కూడా ముందుకు చాపింది. రజిత వేళ్ల కొసలు గీతను తాకాయి. అంపైర్ రెండు వేళ్లెత్తాడు. వీరేందర్ సారు బొటనవేలు రెండుసార్లు టకటకా తాకింది. ఆ తర్వాత ఆయన ఫోన్ బెంచీ మీద పెట్టి, లేచి, పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. ఆట మొత్తం కళ్లారా చూసిన మనిషి చప్పట్లు అవి.

తండావాళ్లు కోర్టులోకి ఉరికారు. రజితను ఎత్తుకున్నారు, ఓడిన మొగుళ్లపల్లి కెప్టెన్‌నూ ఎత్తుకున్నారు. జైపాల్ తన ఊరు ఓడినందుకు ఒక్క నిమిషం ముఖం ముడుచుకొని, అంతలోనే ఇంత మంచి ఆట మన మైదానంలోనే అయిందని మైకులో అరవడం మొదలుపెట్టాడు.

ఆ గోలలో చాంద్యా వెతుక్కుంటూ వచ్చి సంగీత ముందు నిలబడ్డాడు. తలపాగా దుమ్ము కొట్టుకుపోయింది, చేతిలో పాత ఫోన్. సైట్ చేసిన బిడ్డవు నువ్వేనా అని తమ భాషలోనే అడిగాడు. మొన్నటి తప్పుకు తిడతాడేమో అనుకొని సంగీత తల వంచుకుంది. ఆయన తిట్టలేదు. తోవల ఒక తాన సిగ్నల్ పోయింది, స్కోరు శానసేపు కదలలే, ఆట ఆగిందా, నా ఫోన్ ఆగిందా సమజ్ కాలే, గది జర తెలిసేటట్టు చేయరాదు అన్నాడు.

 అవును, సిగ్నల్ పోయినప్పుడు పేజీ ఆ సంగతి చెప్పాలి. ఇది గదిలో ఎవరికీ తట్టలేదు, తట్టదు కూడా. డీసీఎం ఎక్కితేనే తడుతుంది. సంగీత ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎక్కడ పోయింది, అప్పుడు ఫోన్లో ఏం కనబడింది, మీరు ఏం నొక్కి చూశారు అని ఒకటొకటే అడగడం మొదలుపెట్టింది. అటు బిడ్డ కప్పు అందుకుంటోంది పోయి చూడు కాకా అని సాకేత్ మధ్యలో గుర్తు చేస్తేగాని ఇద్దరికీ సోయి రాలేదు.

తర్వాత తర్వాత ఆ సైట్ పేరు అటూ ఇటూ పాకింది. భూపాలపల్లి వైపు స్కూళ్ల ఆటలకు అడిగారు. మహబూబాబాద్ నుంచి ఖోఖో పోటీలవాళ్లు ఫోన్ చేశారు. ఆఫీసు ఓనరు రేపటికల్లా గీసి పంపమన్నాడు. సంగీత ఒప్పుకోలేదు. ముందు ఒక పూట మైదానంలో కూర్చుంటా, ఆ తర్వాతే పెన్ను పట్టుకుంటా అంది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఓనరు ఎప్పుడూ చూడలేదు, సరేనన్నాడు.

బిడ్డకు పేరొచ్చిందని విన్నా తుల్సీబాయి మాత్రం ఈసారి చక్కెర కొనలేదు. ముందు నిజమో కాదో తేలనీ అంది. కానీ పక్కింటి కోడలు చెప్పిన సంగతేమిటంటే, ఆమె ఆ ఫోన్ అడిగి తీసుకొని, ఎవరి ఆటా లేకపోయినా ఆ పేజీ తెరిచి, మా బిడ్డ చేసిందని వచ్చినవాళ్లకల్లా చూపిస్తోందట.

ఖోఖో మైదానానికి సంగీత, సాకేత్ పొద్దుటి రైలుకు పోయారు. పిల్లలు వరసగా కూర్చున్నారు, ఒకరు ఇటు ముఖం పెట్టి, ఒకరు అటు ముఖం పెట్టి. స్కోరు ఎక్కించే టీచరమ్మ పక్కన సంగీత కుడికాలు చాపుకొని కూర్చుంది. విజిల్ పడింది. ఖో అని అరుపు, ఇంకో ఖో, ఇంకోటి. ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో అందుకోలేక టీచరమ్మ కళ్లు గిర్రున తిరుగుతున్నాయి. కబడ్డీకి గీసిన రెండు సగాల పేజీ దీనికి అసలు పనికిరాదు. అంతా మొదటినుంచి ఆలోచించాల్సిందే.

సంగీత సాకేత్ వైపు తిరిగింది. మైదానంలో గీత దాటేటప్పుడు నవ్వినట్టే నవ్వుతోంది.